లారీ ముందు నడిచిన మనిషి

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, మనుషులను ముఖం చూసి కాదు, వీపు చూసి గుర్తుపట్టేది. ఇందులో వింతేమీ లేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. మంద ముందు పోతుంటే కాపరి వెనుక నడవాలి. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆమె చూసిందల్లా వెనుక కాళ్లు, తోకలు, నడుములే. ఏ గొర్రెకు గిట్ట వాచిందో, ఏది చూలుతో ఉందో, ఏది పక్క మందలోంచి వచ్చి కలిసిందో నడక చూసి చెప్పేది. మనుషుల సంగతీ అంతే. ఎదురుగా వచ్చి పలకరించిన చుట్టాన్ని "ఎవలు బిడ్డా నువ్వు?" అని అడిగేది. ఆయన చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే వీపు చూసి, "ఓరి నువ్వా! గా ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా" అని వెనక్కి పిలిచేది. ఊళ్లో ఇదొక నవ్వులాట. "మీ అవ్వకు దండం పెట్టాల్నంటే అటు మళ్లి పెట్టాలె" అని నన్ను ఆటపట్టించేవాళ్లు.

మా ఊరు తుంగతుర్తి దగ్గర. ఇప్పటికీ అక్కడే ఉంది, మా ఇల్లు మాత్రం లేదు. మేమిద్దరం అన్నదమ్ములం. నాయిన చిన్నప్పుడే పోయాడు. అన్న మందతో ఉన్నాడు. నాకు గొర్రెల వెనుక తిరగడం చేతకాక సూర్యాపేటలో ఒక సేటు లారీకి క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరునయ్యాను. మా కులంలో ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టిన మొదటివాణ్ణి నేనే. ఊరంతా మెచ్చుకుంది కానీ అవ్వ మెచ్చుకోలేదు. "మంద ఎనక నడిశేటోడే మనిషి. నువ్వేమో ముంగట కూసొని, ఎనక ఏం పడిపోతుందో సూడకుంట పోతవ్. అదేం పని?" అనేది. లారీ అంటే ఆమెకు అప్పటికే గిట్టదు. తర్వాత జరిగిందానికి ఆ గిట్టకపోవడం కాస్తా కసిగా మారింది.

మా అన్న చిన్నతనంలో ఒక పోతుగొర్రె మోకాలి మీద కుమ్మింది. అప్పట్నుంచి ఎడమ కాలు కొంచెం బయటికి విసిరి, మడమ మీద ఒరిగి నడిచేవాడు. కుంటి అనేంత కాదు. పొలం గట్టు మీద నడుస్తున్న మనిషి ఒక పక్కకు ఒరిగినట్టు ఉండేది. ఆయన కిర్రుచెప్పులు కూడా ఎడమవైపు అంచున అరిగిపోయి, తీసి నేల మీద పెడితే ఒక చెప్పు పక్కకు వాలేది. అవ్వ చెవికి ఆ చెప్పుల చప్పుడు చాలు, అన్నం గంజి వార్చడానికి లేచేది.

ఊళ్లమీద నైజాం ఖాకీవాళ్లు పడిన ఆ పాడుకాలంలో ఒకరోజు మా ఊరికి లారీ వచ్చింది. పడుచువాళ్లను ఎక్కించుకుపోయారు. అన్న అప్పుడే గొర్రెల్ని దొడ్లోకి తోలి, చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఉత్తకాళ్లతోనే ఎక్కించారు. నేను ఊళ్లో లేను, సూర్యాపేటలో ఉన్నాను. ఉన్నా ఏం చేసేవాణ్ణో తెలీదు. అవ్వ లారీ వెంట చెరువుకట్ట దాకా ఉరికిందట. లారీ వెనుక నిలబెట్టిన మనుషులు వెనక్కే చూస్తూ పోతారు కదా, అన్న కూడా ఆమెనే చూస్తూ పోయాడు. "ఆఖర్కి వాని మొఖం సూసిన" అని ఏడ్చేది. "మొఖంతోని నాకేం ఎరుక? వాని వీపు సూడనియ్యలేదు ముండాకొడుకులు."

ఆ తర్వాత మంద ఖతమైంది. కొన్ని వాళ్లు కోసుకు తిన్నారు, కొన్ని చెదిరిపోయాయి. అవ్వ చేతిలో మిగిలినవి అన్న చెప్పులే. వాటిని దూలానికి వేలాడదీసి, ఆముదం రాసి, మెత్తగా ఉంచేది. తోలు తొడగకపోతే బిర్రబిగుస్తుంది, పగులుతుంది. ఆమె కాలికి అవి పెద్దవి. అందుకని నేను ఇంటికి వచ్చినప్పుడల్లా నా చెప్పులు విప్పించి, అవి తొడిగించి పంపేది. "వాడొచ్చేసరికి కాలు కొరకొద్దు. నువ్వు జర తొడుక్కొని తిరిగి, మెత్తగ చేసుకరా" అనేది. నాకు ఒళ్లు మండేది. నేనూ ఆమె కొడుకునే, నా మడమలూ పగిలే ఉన్నాయి, వాటికి ఆముదం రాసినవాళ్లు లేరు. అయినా తొడుక్కునేవాణ్ణి. ఆ ఎడమ చెప్పు అరిగిన తీరు ఎలాంటిదంటే, ఎవరు వేసుకున్నా కాలు బయటికే పోతుంది. సరిగా నడుద్దామని చూస్తే పిక్క పట్టేసేది. బండి తోలేటప్పుడు పెడలు మీద జారుతుంది కాబట్టి విప్పి సీటు పక్కన పెట్టి, కిందికి దిగినప్పుడు వేసుకునేవాణ్ణి.

నలభై ఎనిమిదిలో ఇండియా మిలిటరీ వచ్చింది. ఖాకీవాళ్లు కనపడకుండా పోయారు. జైళ్ల నుంచి జనం వస్తున్నారని, సరిహద్దు అవతల తలదాచుకున్నవాళ్లు కోదాడ మీదుగా ఇళ్లకు మళ్లుతున్నారని కబుర్లు. నేను లారీ వేసుకుని ఎక్కడికి పోయినా అన్న గురించే అడిగేవాణ్ణి. లారీ ఎత్తుకుపోయింది, లారీలోనే తెస్తాను అని మనసులో ఒక పంతం. ఒకరు నల్లగొండలో చూశామన్నారు, ఇంకొకరు వరంగల్లన్నారు, మూడోవాడు అసలు నేను అడిగిందేమిటో వినకుండానే తల ఊపాడు. తెచ్చిన ప్రతి కబురుకూ అవ్వ చెప్పులకు ఆముదం రాసేది.

ఆ చలికాలంలోనే బెజవాడ వైపు నుంచి ఒక కెమెరా ఆయన వచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది ఫోటోలు తీసేది కాదు, కదిలే బొమ్మలు తీసేది. సద్దిడబ్బా అంత ఉంటుంది. పక్కన గడియారానికి ఉన్నట్టు తాళం చెవి. తిప్పితే కాసేపు గిరగిరమని ఆడి ఆగిపోతుంది, మళ్లీ తిప్పాలి. నైజాం ఇలాకా రోడ్లు, ఊళ్లు ఎలా ఉన్నాయో తీసి, టెంటు సినిమాల్లో అసలు ఆటకు ముందు చూపిస్తారట. దానికి మా సేటు లారీని, లారీతో పాటు నన్నూ కిరాయికి మాట్లాడుకున్నాడు.

ఆయనకొక పిచ్చి పట్టుకుంది. కెమెరాను చేత్తో పట్టుకుని తీస్తే అందరూ తీసినట్టే ఉంటుందట. దాన్ని లారీకి బయట కట్టాలి, రోడ్డు తనంతట తాను మీదికి వస్తున్నట్టు కనపడాలి. "చూసేవాడికి తనే ఈ ఊళ్లోకి వస్తున్నట్టు ఉండాలయ్యా" అన్నాడు. ఈ ఊళ్లోకి రావాలని ఎవరికుందో నాకు అర్థం కాలేదు. కిరాయి బండి, నాకెందుకులే అనుకున్నాను.

మొదట మడ్‌గార్డు మీద పెట్టి నులకతాడుతో బిగించాడు. కోదాడ పొలిమేర దాటకముందే తాడు వదులై అది హెడ్‌లైటు మీదికి వాలింది. ఆయన గుండె పట్టుకుని దిగి, దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దుమ్ము తుడిచాడు. తర్వాత బానెట్టు మీద పెట్టాడు. అక్కడ ఇంజను వేడి, పైగా మా లారీ బానెట్టు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. "ఇలా అయితే భూకంపం వచ్చిందనుకుంటారు" అని దించేశాడు. చివరికి కోదాడలో బండిచక్రాలకు ఇనుప కట్లు వేసే కమ్మరి దగ్గరికి పోయి, పాత చక్రం కట్టు ముక్కను వంచి, చిల్లులు పొడిపించి, ముందు బంపరుకు మరలు బిగించాడు. దాని మీద కెమెరా. అడుగున అదురు తగలకుండా ట్యూబు రబ్బరు, దాని మీద ఏదైనా మెత్తటిది కావాలని నా గొంగడి వైపు చూశాడు.

"గొంగడి కొస కొంచెం కోసుకుంటానయ్యా" అన్నాడు.

"నా మెడ కోసుకో సారూ, గొంగడి మాత్రం కొయ్యనియ్య" అన్నాను. మా అవ్వ వడికిన ఉన్ని అది. ఆయన గొణుక్కుంటూ తన తువ్వాలు మడిచి పెట్టుకున్నాడు. కెమెరా మీటకు దారం కట్టి, బానెట్టు పక్క నుంచి లోపలికి తెచ్చాడు. సీట్లో కూర్చుని దారం లాగితే అక్కడ బంపరు మీద బొమ్మ పడుతుంది. నాకు కూడా ముచ్చటేసింది, అబద్ధం చెప్పను.

ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. అనంతగిరి వైపు పోతుంటే రోడ్డు పక్క పొలంలో వరి కోస్తున్నారు. మా లారీ చప్పుడుకు తలెత్తి చూశారు. బంపరు మీద నల్లటి డబ్బా, దానికి ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం. కొడవళ్లు కింద పడేసి చేతులు పైకెత్తారు. ఆడవాళ్లు కూడా ఎత్తారు. ఒక ముసలామె మోకాళ్ల మీద కూలబడింది. ఆమె చేతులెత్తుతూ కొంగు జారిపోతున్నా సర్దుకోలేదు, చేయి దించితే కాలుస్తారని.

నేను బ్రేకు కొట్టాను. కెమెరా ఆయన చేతిలోని దారాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. లాగి పట్టి బొమ్మ తీస్తూనే ఉన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఇప్పు సారూ దాన్ని. తుపాకి అనుకుంటున్నరు."

"చెబుదామయ్యా, చెబితే తెలుసుకుంటారు" అన్నాడు పాపం. మంచివాడే. దిగి, "అమ్మా, ఇది తుపాకీ కాదు, బొమ్మలు తీసే మిషనండీ" అని అరిచాడు. ఆయన అరుపుకు వాళ్ల చేతులు ఇంకా పైకి లేచాయి. తర్వాత ఊళ్లో ఇంకా అన్యాయం. మేము ఇటు నుంచి పోతుంటే తలుపులు అటు నుంచి మూసుకుంటూ వచ్చాయి. వీధిలో ఒక కుక్క, కూలిన సైకిలు, అంతే. కోదాడలో మరునాడు బంతిపూల దండ కొని కెమెరాకు వేశాడు, పైన కుంకుమబొట్టు పెట్టాడు. అలా చేస్తే కొత్త బండికి పూజ చేసినట్టు ఉంటుందని ఆయన ఉపాయం. దండ వేసిన తుపాకి అనుకున్నారు జనం. దానికి మరీ భయపడ్డారు.

"ఇన్నాళ్లూ ఏం చేశారయ్యా వీళ్లను?" అని అడిగాడు నన్ను ఆ రోజు టీ తాగుతూ.

ఏం చెప్పాలి? అన్న సంగతి చెప్పాను. ఆయన తాగుతున్న గ్లాసు పక్కన పెట్టేశాడు. జాలిపడ్డాడని తెలుసు. జాలితో మనిషి వస్తాడా!

కోదాడ నుంచి సూర్యాపేటకు వచ్చే రోడ్డు మీద ఒకచోట, రెండు వైపులా కనుచూపు మేర మనిషన్నవాడు లేడు. కెమెరా ఆయన బండి ఆపమన్నాడు. "ఖాళీ రోడ్డు ఎంతకని చూస్తారు? నువ్వు కొంచెం ముందు నడుస్తావా? బండి నేను తోలతాను. ఫిల్ము దండగ చేయనులే, ఒక మనిషి నడుస్తుంటే కట్టు ఎలా ఉందో చూసుకుంటాను" అన్నాడు. నేను దిగి, చెప్పులు తొడుక్కున్నాను. అంతకుముందే ఇంటికి పోయి వచ్చాను కాబట్టి అవి అన్న చెప్పులే. చలికి గొంగడి నెత్తిమీద నుంచి కప్పుకున్నాను. "వెనక్కి తిరిగి చూడకు" అని కేకేశాడు. నడిచాను. నా ధ్యాసంతా వెనుక గేరు మార్చే చప్పుడు మీదే. పరాయివాడి చేతిలో బండి ఎలా ఏడుస్తుందో వింటూ, క్లచ్చు పాడుచేస్తాడేమో అని లోపల తిట్టుకుంటూ నడిచాను. కాసేపటికి హారను కొట్టాడు. వెళ్లి బండెక్కాను. ఆ సంగతి అక్కడే మరిచిపోయాను.

మాడుగులపల్లి దాకా, మిర్యాలగూడ దాకా తిరిగి, ఆయన రీళ్లు పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. బంపరుకు ఇనుప కట్టు మాత్రం అలాగే మిగిలింది. విప్పడానికి నాకు తీరలేదు.

ఇంటికి పోయినప్పుడు అవ్వకు ఈ కథంతా నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "అన్ని తొవ్వలు తీసిండా?" అని అడిగింది.

"తీసిండవ్వా. కోదాడ తొవ్వ, సూర్యాపేట తొవ్వ, మిర్యాలగూడెం తొవ్వ."

"అయితే వాడు యాడ్నో ఒక తొవ్వల నడుస్తుండొచ్చు కద. నువ్వు సక్కగ ముంగటికి సూసుకుంట పోతవ్, నీకు కనపడడు. ఆ మిషన్ల పడుంటడు."

 కాదనడానికి నా దగ్గర ఏముంది? నేను కూడా, ఎందుకు దాచాలి, ఆ మాట విన్నాక లోపల ఒక మూల నమ్మాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు. ఎంత మంది వీపులు దాటిపోయామో, నేను వాటిని చూడలేదు కదా అనుకున్నాను.

ఎండలు ముదరకముందే కెమెరా ఆయన మళ్లీ వచ్చాడు. మిర్యాలగూడలో ఒక మిల్లు యజమానికి తీసిన బొమ్మ చూపిస్తాడని సేటు చెప్పాడు. అవ్వను తీసుకెళ్లాను. అన్నను ఎత్తుకుపోయిన తర్వాత ఆమె లారీ ఎక్కడం అదే మొదలు. తొట్టిలో ఎక్కనంది, ముందు సీట్లోనూ కూర్చోనంది. చివరికి నా పక్కన కూర్చుని, దారంతా పక్క అద్దంలో వెనక్కి చూస్తూ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఒళ్లో ఒక మూట, అందులో అన్న చెప్పులు.

పట్టపగలే వడ్ల గోదాములో తలుపులు మూసి, గోడకు తెల్లబట్ట కట్టారు. హమాలీలు, గుమాస్తాలు, మిల్లు యజమాని ఇంటివాళ్లు. అవ్వను బస్తాల మీద కూర్చోబెట్టాను. వడ్ల దుమ్ములో వెలుతురు కర్రలా సాగి గుడ్డ మీద పడింది. రోడ్డు మా మీదికి రావడం మొదలుపెట్టింది. నిజంగానే వచ్చింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు పక్కకు జరిగారు. ఆయన చెప్పినట్టే, మేమే ఆ ఊళ్లోకి పోతున్నట్టు ఉంది. మేము పోతుంటే తలుపులు మూసుకున్నాయి. అందరూ నవ్వారు. చేతులెత్తిన జనం వచ్చారు. నవ్వు ఆగింది. తర్వాత ఉత్త రోడ్డు, మళ్లీ ఉత్త రోడ్డు, చెట్లు, ఎడ్లు లేని బండి ఒకటి.

తర్వాత గొంగడి కప్పుకున్న ఒక మనిషి. వీపు మాత్రమే. ఎడమ కాలు బయటికి విసురుతూ, మడమ మీద ఒరుగుతూ నడుస్తున్నాడు.

అవ్వ లేచి నిలబడింది. "గదే! గదే నా పెద్దోడు!" అని కేక పెట్టింది. గోదాములో అందరూ ఇటు తిరిగారు. ఆమె బస్తాలు దిగి, జనాన్ని తోసుకుంటూ గుడ్డ దగ్గరికి పోయింది. ఆమె నీడ పడి ఆ మనిషి సగం కనపడలేదు. "అయ్యా, జర వాణ్ణి ఇటు తిరుగుమను. ఒక్కసారి తిరుగుమను" అని కెమెరా ఆయనను బతిమాలింది. అంతలోనే తనే, "వద్దులే అయ్యా, తిరగకున్నా ఎరుకే నాకు" అంది. ఆమె ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. నవ్వుతోంది. అన్న పోయాక ఆమె పళ్లు నేను చూసింది ఆ రోజే.

 ఆ చెట్టు నాకు తెలుసు. ఆ రోడ్డు నాకు తెలుసు. వెనుక నా బండి గేరు ఏడుస్తున్న చప్పుడు కూడా నాకు వినిపించింది, బొమ్మలో చప్పుడు లేకపోయినా. కెమెరా ఆయన నా వైపు చూశాడు. ఫిల్ము దండగ చేయనన్న మనిషి! ఆయన ఏదో చెప్పబోతుంటే నేను తల అడ్డంగా ఊపాను. ఆ జనం ముందు చెప్పించడం ఇష్టం లేదు. ఇంతలో గుడ్డ మీది మనిషి పోయాడు, తెల్లబట్ట మిగిలింది.

మిర్యాలగూడ దాటి సూర్యాపేట రోడ్డెక్కాక అవ్వ ఆగకుండా మాట్లాడింది. వాడు చిక్కిపోలేదని, నడక మారలేదని, తొవ్వ ఇటువైపే ఉంది కాబట్టి ఇంటికే వస్తున్నాడని. నేను ఇంకా వినలేకపోయాను.

"అవ్వా, అది నేను."

"ఏంది నువ్వు?"

"ఆ నడిశినోణ్ణి నేనే. కెమెరా సారు నడువుమన్నడు."

ఆమె నవ్వింది. "నీది బాతు నడక రా. మంద ఎనక పుట్టిన నేను. నా కొడుకు నడక నాకు తెల్వదా?"

"అప్పుడు నా కాళ్లకు అన్న చెప్పులున్నయవ్వా. నువ్వే తొడిగిస్తివి."

ఆమె ఒళ్లో మూటను చేత్తో తడుముతూ కూర్చుంది. కొంతదూరం పోయాక, "ఆపు" అంది. ఆపాను. మూట విప్పి చెప్పులు నా ముందు పెట్టింది. "తొడుక్కో. ముంగట నడు. ఎనక్కి సూడకు."

మిట్టమధ్యాహ్నపు ఎండ. తొడుక్కుని నడిచాను. మనసులో దేవుణ్ణి ఒకటే అడిగాను, ఈ కాలు ఈ ఒక్కసారి సరిగా పడనియ్ అని. కాలు ఎలా పడాలో చెప్పు చూసుకుంది. బయటికి విసురు, మడమ మీద ఒరుగు. వెనుక నుంచి కేక రాలేదు, పిలుపు రాలేదు. చాలాదూరం పోయాను. ఇక ఉండబట్టలేక తిరిగి చూస్తే, అవ్వ లారీ బంపరుకు ఆనుకుని, ఆ ఇనుప కట్టు పక్కన, దుమ్ములో చతికిలబడి ఉంది.

దగ్గరికి పోయాను. నా ముఖం చూడలేదు. కాళ్లనే చూస్తోంది.

"వాడు లేడురా" అంది. "వాని చెప్పులే నడుస్తున్నయ్."

అంతకుముందు ఊరంతా చెప్పినా, నేను చెప్పినా ఒప్పుకోని మాట అది. ఆమె నోటితో ఆమే అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. నేను మాత్రం ఆ రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. అన్న కోసం ఏడ్చానో, ఆమె నవ్వును చేజేతులా ఆర్పినందుకు ఏడ్చానో నాకే తెలీదు. నిజం చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కానీ ఆ నిజం ఎవరికీ అక్కరకు రాలేదు.

ఇక చెప్పులను అటక మీదికి విసిరేస్తుందని అనుకున్నాను. మరునాడు పొద్దున్నే చూస్తే ఆముదం రాస్తోంది.

"మళ్లెందుకవ్వా?"

"వాడు రాడు. వాని నడకనన్న సూస్త. తొడుక్కో."

అప్పట్నుంచి నేను ఊళ్లో ఉన్నన్ని రోజులూ అదే తంతు. అంగడికి పోయినా, చేనుకు పోయినా, చుట్టాలింటికి పోయినా నేను అన్న చెప్పులు తొడుక్కుని ముందు నడవాలి, ఆమె వెనుక రావాలి. నేను పక్కకు జరిగి కలిసి నడుద్దామంటే తిట్టేది. నాకు పెళ్లైంది, పిల్లలు పుట్టారు. నా భార్య, "మీ అవ్వకు నీ మొఖం యాదికుందో లేదో అడుగు" అనేది. సరదాకే అనేది కానీ నాకు సూదిలా గుచ్చుకునేది. నేను బతికున్న కొడుకును. ఆమెకు తిండి పెట్టింది నేను, దవాఖానకు మోసుకుపోయింది నేను. ఆమె చూసింది మాత్రం నా వీపులో ఇంకొకణ్ణి. చచ్చిపోయినవాడి మీద ఈర్ష్య పడకూడదంటారు. నేను పడ్డాను. పడి, ఆ చెప్పులకే అట్టలు మార్పించి, వార్లు కుట్టించి, అవి పూర్తిగా పొడైపోయేదాకా తొడుక్కున్నాను.

చెప్పులు పోయిన కొన్నేళ్లకు అవ్వ పోయింది. తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు నిప్పు పట్టుకోవాలని మాలో ఆచారం. ఆ రోజు ఒక్కటైనా నా వంతుకు నేను నిలబడ్డాను. తలస్నానం చేసి, ఉత్తకాళ్లతో, చేతిలో నిప్పుకుండతో పాడె ముందు నడిచాను. బయల్దేరేటప్పుడు పెద్దమనుషులు, "ఎనక్కి తిరిగి సూడొద్దు బిడ్డా" అని మరీ మరీ చెప్పారు. డప్పుల చప్పుడు. నా వెనుక మా అవ్వ, ఎప్పట్లాగే.

చెరువుకట్ట ఎక్కుతున్నప్పుడు డప్పు ఒక్క క్షణం ఆగింది. పాడె మోస్తున్నవాళ్లలో ఒక ముసలాయన, మా అన్నతో కలిసి గొర్రెలు కాసినవాడు, పక్కవాడితో అన్నాడు. "సూసినవా, అచ్చం పెద్దోడు నడిశినట్టే ఉంది."

నేను కిందికి చూసుకున్నాను. నా కాళ్లకు చెప్పులు లేవు. ఎడమ కాలు బయటికి పడుతోంది. తిన్నగా వేద్దామని చూశాను, రాలేదు. వెనక్కి తిరిగి, నేనే, చిన్నోణ్ణి అని అరవాలనిపించింది. తిరగకూడదన్నారు. డప్పు మళ్లీ మొదలైంది. నడిచాను.